రైలు దిగిన తరువాత

ధ్యాన భాగములు: లూకా 24:13-35, అపొస్తలుల కార్యములు 28:11-16

పల్లెనుండి హైదరాబాదు నగరములో అడుగు పెట్టేవారికి పెద్ద ద్వారములు మూడు ఉన్నవి. కరీంనగర్, సిద్దిపేట, మెదక్ వైపునుండి బస్సులో వచ్చేవారు జూబ్లీ బస్ స్టేషనులో దిగుతారు. వరంగల్, ఖమ్మం, విజయవాడ వైపునుండి రైలులో వచ్చేవారు సికింద్రాబాదు స్టేషనులో దిగుతారు. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపునుండి బస్సెక్కినవారు మహాత్మాగాంధీ బస్ స్టేషనులో, అనగా ఇప్పటికీ చాలామంది ఇమ్లీబన్ అని పిలిచే చోట దిగుతారు. చాలాకాలము ఈ మూడు చోట్ల మధ్య ప్రయాణమే ఒక పరీక్షగా ఉండేది. మూట నెత్తిన పెట్టుకొని, పిల్లవాని చేయి పట్టుకొని, ఏ నంబరు బస్సు ఎటు పోతుందో నలుగురిని అడిగి, ముగ్గురు చెప్పిన మూడు జవాబులలో ఒకదానిని నమ్మి ఎక్కవలసి వచ్చేది.

2020 ఫిబ్రవరి 7వ తేదీన ఈ మూడు ద్వారములను కలిపే మెట్రో రైలు మార్గము ప్రారంభమైనది. ఆరు వారములు గడిచీ గడవకముందే కరోనా వలన రైళ్లన్నీ ఆగిపోయినవి. ఆ సంవత్సరము సెప్టెంబరులో మరల నడువసాగినవి. జూబ్లీ బస్ స్టేషన్ నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు దీని పొడవు సుమారు 11 కిలోమీటర్లు. స్టేషన్లు తొమ్మిది. రోడ్డుమీద ముప్పావుగంట పట్టే దారి ఇప్పుడు పదహారు నిమిషములలో అయిపోవుచున్నది.

నగరములోని మెట్రో మార్గములు మూడింటిలో ఇది అన్నిటికంటె చిన్నది. పెద్ద కంపెనీల వైపు పోయేది కాదు. అయినను దీని స్టేషన్ల పేర్లు చదివి చూడండి. జూబ్లీ బస్ స్టేషన్ తరువాత సికింద్రాబాదు వెస్ట్, అది రైల్వే స్టేషనుకు దగ్గర. తరువాత గాంధీ ఆసుపత్రి. మన ఊళ్లలో పెద్ద జబ్బు చేసిన పేదవానికి ఆ పేరు తెలియనిది కాదు. తరువాత ముషీరాబాదు, ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజారు, చివరకు మహాత్మాగాంధీ బస్ స్టేషన్. సుల్తాన్‌బజారులో ప్రసూతి ఆసుపత్రి ఉన్నది. నారాయణగూడలో కళాశాలలున్నవి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయమున్నది. ఆ వెనుకనే అశోక్‌నగర్ ఉన్నది. వైద్యము కొరకు, కాన్పు కొరకు, చదువు కొరకు, ఉద్యోగము కొరకు పల్లె పట్నమునకు వచ్చిన దారి ఇదే. కాబట్టి దీనిని పల్లెవాసుల రైలు అనుటలో తప్పు లేదు.

ఈ వ్యాసములో నేను చెప్పదలచినది ఒక్క మాట. రైలు మనలను స్టేషను వరకు చేర్చగలదు. స్టేషను నుండి ఇంటి గడప వరకు, ఇంటి గడప నుండి మనిషి మనసు వరకు ఉన్న దూరమును ఏ రైలూ దాటించలేదు. ఆ మిగిలిన దూరము ప్రేమ నడువవలసినది. అది సంఘము పని.

ఇనుప దారి వచ్చిన విధము

నిజాము రాజ్యములో మొదటి రైలు మార్గము 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు వచ్చినది. పదిహేను సంవత్సరములకు, 1889లో, అది బెజవాడ వరకు చేరినది. నారాయణగూడకు దగ్గరలోనున్న కాచిగూడ స్టేషను భవనము 1916లో కట్టినది. ఈనాటికీ దాని గుమ్మటములు చూచి ప్రయాణికులు ఒక్క క్షణము ఆగుతారు.

ప్రతి దినము పనికి వచ్చిపోయేవారి కొరకు 2003 ఆగస్టు 9న ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలైనవి. మొదట సికింద్రాబాదు, నాంపల్లి, లింగంపల్లి మధ్య నడిచినవి. తరువాత విద్యానగర్, కాచిగూడల మీదుగా ఫలక్‌నుమా వరకు వచ్చినవి. మనము చెప్పుకొనుచున్న చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతములకు దగ్గరి ఎం.ఎం.టి.ఎస్. స్టేషన్లు ఆ విద్యానగర్, కాచిగూడలే. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ వైపు, ఉందానగర్ వైపు, 2024 మార్చిలో ఘట్‌కేసర్ వైపు ఈ రైళ్లను పొడిగించినారు. ఇవి గాక జనగామ, భువనగిరి, వికారాబాదు, షాద్‌నగర్ వైపులనుండి ప్యాసింజరు రైళ్లలో టిఫిన్ డబ్బాలు పట్టుకొని వచ్చి, దీపాలు పెట్టిన తరువాత ఇంటికి చేరే సహోదరులు మన సంఘములలో ఎందరో ఉన్నారు.

క్రైస్తవ కుటుంబములకు సంతోషమైన మరియొక సంగతి ఉన్నది. 2022 సెప్టెంబరు 23న కాచిగూడ నుండి మెదకుకు రైలు మొదలైనది. అంతకు ముందు మెదకు పట్టణమునకు రైలు లేదు. అక్కన్నపేట నుండి 17 కిలోమీటర్ల కొత్త దారి వేసినందున అది సాధ్యమైనది. పాస్నెట్ దొరగారి కాలములో, కరవు దినములలో ఆకలిగొన్నవారికి పని కల్పించుచు కట్టబడి, 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును చూడవలెనని కోరిక ఉన్న వృద్ధులు ఇప్పుడు బస్సు కుదుపులు లేకుండా కూర్చొని పోవచ్చును.

విమానాశ్రయము దగ్గర వీడ్కోలు

పల్లె కుటుంబములు రైలునుగూర్చి మాట్లాడినప్పుడు విమానాశ్రయము మాట కూడ వస్తుంది. గల్ఫ్ దేశములకు పనికి పోయే కొడుకు, నర్సు ఉద్యోగమునకు పోయే కూతురు లేని సంఘము అరుదు. 2008 మార్చి వరకు విమానములు బేగంపేటనుండి ఎగిరేవి. అక్కడ ఎం.ఎం.టి.ఎస్. స్టేషను దగ్గరలోనే ఉండెను. ఆ నెల 23వ తేదీనుండి విమానాశ్రయము శంషాబాదుకు మారినది. రైలులో పోగోరినవారికి దగ్గరి స్టేషను ఉందానగర్. కాని రైలు విమానాశ్రయము లోపలికి పోదు. అక్కడ దిగి మిగిలిన కొద్ది కిలోమీటర్లు ఆటో పట్టుకొని పోవలెను. అందుచేత పెట్టెలున్నవారు ఎక్కువగా ఆర్.టి.సి. పుష్పక్ బస్సునో, అద్దె కారునో ఆశ్రయిస్తారు.

సముద్రతీర నగరమైన చెన్నైలో మన తెలుగువారికి ఈ సౌకర్యము వేరుగా ఉన్నది. చెన్నై సెంట్రల్ ప్రక్కనుండి బయలుదేరే లోకల్ రైళ్లు గుమ్మిడిపూండి దాటి మన ఆంధ్రలోని సూళ్లూరుపేట వరకు వస్తాయి. సూళ్లూరుపేటలోగాని తడలోగాని ఎక్కిన తెలుగు కుటుంబము సెంట్రల్ దగ్గర దిగి, రోడ్డు దాటి పార్కు స్టేషనులో తాంబరం వైపు రైలెక్కితే తిరుశూలం చేరుతుంది. తాంబరం దారిలో 1931నుండే కరెంటు రైళ్లు నడుస్తున్నవి. తిరుశూలం స్టేషనుకు ఎదురుగానే విమానాశ్రయము. రైలు దిగి రోడ్డు దాటితే చాలు.

ఒక ఊరిలో ఆ చివరి దూరము రోడ్డు దాటినంత. మరొక ఊరిలో ఆటో ఎక్కినంత. ఇది ఇంజనీర్లు, ప్రభుత్వములు చూచుకొనే సంగతి. కాని విమానమెక్కే బిడ్డ గాజు తలుపులు దాటి లోపలికి పోయిన తరువాత, బయట నిలువబడిన తల్లికిని ఆ బిడ్డకును మధ్య మొదలయ్యే దూరమును కొలిచేవారెవరు? అటువంటి దూరమే చిక్కడపల్లి స్టేషను మెట్ల దగ్గర కూడ ఉన్నది. దానిని గూర్చి ఇప్పుడు చెప్పవలెను.

అశోక్‌నగర్ పిల్లలు

ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్‌లోగాని చిక్కడపల్లిలోగాని దిగి కొంచెము నడిస్తే అశోక్‌నగర్ వస్తుంది. గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్, పోలీసు ఉద్యోగముల పరీక్షలకు శిక్షణ ఇచ్చే కేంద్రములు అక్కడ సందుకొకటి ఉన్నవి. వాటి చుట్టు హాస్టళ్లు, మెస్సులు, జెరాక్సు దుకాణములు, చదువుకొనుటకు గంటల లెక్కన, నెలల లెక్కన కుర్చీ అద్దెకిచ్చే రీడింగ్ రూములు వెలసినవి. గ్రంథాలయములో చోటు దొరకనివారు చెట్టు క్రింద కూర్చొని చదువుతారు. వారిలో ఎక్కువమంది రైతుల పిల్లలు, కూలీల పిల్లలు, మన సంఘముల పిల్లలు. ఇంట్లో మొదట డిగ్రీ చదివినవారు. వారికొరకు ఊరిలో ఎవరో ఎకరము తాకట్టు పెట్టినారు, ఎవరో పుస్తె అమ్మినారు.

వారు ఎదురుచూచిన పరీక్షలు కూడ వారిని బాగా నలుగగొట్టినవి. 2022 అక్టోబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రము బయటికి పోయినందున 2023 మార్చిలో రద్దయినది. 2023 జూన్‌లో రెండవసారి జరిపిన పరీక్షను ఆ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసినది. మూడవసారి 2024 జూన్‌లో వ్రాయవలసి వచ్చినది. పరీక్ష ఒక్కటే, వ్రాసినది మూడుసార్లు. ఆ నడుమ గది అద్దె ఆగలేదు, మెస్సు బిల్లు ఆగలేదు, వయసు ఆగలేదు. ఊరిలో "ఇంకా ఉద్యోగం రాలేదా?" అని అడిగేవారు కూడ ఆగలేదు. ఈ వీధులలో నిరాశ భరించలేక ప్రాణము తీసుకొన్న యౌవనస్థుల వార్తలు మనము చదివినాము. చదివి పేజీ త్రిప్పినాము. అట్లు త్రిప్పివేయవలసిన పేజీ కాదది.

మా సంఘములోని ఒక తల్లి నిరుడు తన కుమారుని చూచుటకు పోయినది. తెల్లవారుజామున ప్యాసింజరు ఎక్కి సికింద్రాబాదులో దిగి, ఎవరినో అడిగి మెట్రో ఎక్కి నాలుగవ స్టేషనులో దిగినది. సంచిలో మామిడికాయ తొక్కు, సకినాలు, రెండు కిలోల బియ్యము ఉన్నవి. కుమారుడు స్టేషను మెట్ల క్రిందికే వచ్చినాడు.

"రూముకు రాకే అమ్మా, ఆరుగురం ఉంటం. కూసునే జాగ ఉండదు" అన్నాడు.

"బక్కగైనవు బిడ్డా. తింటున్నవా?"

"తింటున్ననే."

పిల్లరు నీడలో పావుగంట నిలువబడి మాట్లాడుకొన్నారు. ఆమె సంచి ఇచ్చి వచ్చిన దారినే మరలినది. ఆదివారము ఆరాధన అయిన తరువాత నాతో, "పోయి రానైతే వచ్చిన అయ్యగారూ. వాడు ఎట్లున్నడో మాత్రం నాకు తెల్వలేదు" అని చెప్పినది.

రైలు తన పని సరిగానే చేసినది. ఆమెను ఊరినుండి కుమారుని ఎదుటికి ఒక్క పూటలో చేర్చినది. ఆ కుమారుడు కఠినుడు కాడు. ఇరుకు గదిని చూచి తల్లి బాధపడుతుందని, తన ముఖములోని అలసట ఆమె కంటపడుతుందని భయపడినాడు. కాని అతడు ఎట్లున్నాడో తెలిసికొనుటకు పిల్లరు నీడలో పావుగంట చాలదు. ఆ నగరములోనే ఉండి, వారము వారము అతనిని చూచి, "రా తమ్ముడూ, మా ఇంట్లో తిందువుగాని" అనే మనిషి ఒకడు కావలెను.

ఎమ్మాయు దారి

లూకా సువార్త 24వ అధ్యాయములో ఇద్దరు శిష్యులు యెరూషలేమునుండి ఎమ్మాయు గ్రామమునకు నడిచిపోయిన సంగతి మనకు తెలిసినదే. ఆ దూరమును మన తెలుగు బైబిలు ఆమడ అని చెప్పుచున్నది. మూలభాషలో అది అరవై స్టాడియములు, అనగా మన లెక్కలో సుమారు 11 కిలోమీటర్లు. ఆశ్చర్యము! జూబ్లీ బస్ స్టేషన్ నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు మెట్రో పోయే దూరము కూడ అంతే.

వారు నడిచినారు గనుక రెండు మూడు గంటలు పట్టియుండును. మనకు పదహారు నిమిషములు. వారు దారి పొడుగున తమ దుఃఖము చెప్పుకొన్నారు. మనము చెవులలో తీగలు పెట్టుకొని, ఎదుటివాని ముఖము చూడకుండ దిగిపోవుచున్నాము. వేగముగా పోవుట పాపము కాదు. ఆ మిగిలిన రెండు గంటలను మనము ఎవరికి ఇచ్చినామన్నదే ప్రశ్న.

ప్రభువు వారితో ఎట్లు నడిచెనో గమనించండి. మొదట ఆయన వారిని సమీపించి వారితోకూడ నడిచెను. తరువాత, మీరు దేనిని గూర్చి మాట్లాడుకొనుచున్నారని అడిగెను. సమస్తము ఎరిగినవాడు ఏమియు ఎరుగనివానివలె అడిగి, వారు చెప్పినదంతయు విన్నాడు. వారు తమ ఆశ విరిగిపోయినదని చెప్పినప్పుడు మధ్యలో ఆపలేదు. విన్న తరువాతనే లేఖనములు విప్పి చెప్పెను. మన పిల్లలతో మనము తరచుగా దీనికి తలక్రిందులుగా చేయుచున్నాము. ముందు బోధిస్తాము, తరువాత అడుగుతాము, వినుటకు తీరిక ఉండదు.

ఆ కథలో మలుపు ఊరు వచ్చిన తరువాత ఉన్నది. ఆయన ఇంకను ముందుకు పోవువానివలె కనబడగా, సాయంకాలమైనది, మాతోకూడ ఉండుమని వారు ఆయనను బలవంతము చేసిరి. దారి అయిపోయినది, ఇక ఎవరి దారి వారిది అనుకొనియుంటే రొట్టె విరిచిన ఆ చేతులను వారు గుర్తుపట్టెడివారు కారు. దారిలో కలిసిన అపరిచితుని గడపలోనికి పిలిచినందుననే వారి కన్నులు తెరువబడినవి. ఆ పిలుపు తరువాత వారికి అలసట కూడ లేదు. ఆ గడియలోనే లేచి, చీకటిలో, వచ్చిన పదకొండు కిలోమీటర్లు మరల నడిచి యెరూషలేము చేరినారు.

పల్లె పిల్లలు, పట్నము గదులు

పల్లె పిల్లలు పని కొరకు పట్నము చేరి ఒంటరివారగుట ఈనాడు క్రొత్తగా వచ్చిన కష్టము కాదు. ఇంగ్లండులో రైలు మార్గములు వేగముగా వ్యాపించుచున్న కాలములో, 1841లో, జార్జి విలియమ్స్ అనే రైతు కుమారుడు సోమర్సెట్ పల్లెసీమనుండి లండను చేరి బట్టల దుకాణములో పనికి కుదిరినాడు. అక్కడ పని చేసే యువకులు దుకాణము పైనున్న గదులలోనే క్రిక్కిరిసి ఉండేవారు. పగలంతా పని, రాత్రి వీధులు. వారిని అడిగేవారు లేరు. విలియమ్స్ పెద్ద ఉపాయమేమియు ఆలోచించలేదు. తన గదిలో ప్రార్థనకు రమ్మని తోటి పనివారిని పిలిచినాడు. 1844 జూన్ 6న పన్నెండుమంది యువకులు కూడి స్థాపించినదే వై.ఎం.సి.ఎ. నారాయణగూడ చౌరస్తా దగ్గర మనము రోజూ చూచే ఆ మూడక్షరముల బోర్డు వెనుక ఉన్నది ఈ చరిత్రయే. మెట్రో దిగి ఆ బోర్డు ముందునుండి పోయే యువకుడు తనవంటివాని కొరకే అది పుట్టినదని ఎరుగడు.

అదే వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా పనిచేసిన ఒక తమిళ యువకుడు తరువాత మన తెలుగు పల్లెలకు వచ్చినాడు. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. సికింద్రాబాదుకు రైలు వచ్చిన 1874వ సంవత్సరమే ఆయన జన్మించిన సంవత్సరము. 1909లో ఆయన డోర్నకల్ చేరినారు. 1912లో డోర్నకల్ బిషపుగా అభిషేకించబడినారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో ఆయనే మొదటి బిషపు. డోర్నకల్ రైల్వే జంక్షను. రైలు ఆయనను అంతవరకు తీసికొని వచ్చినది. అక్కడనుండి పల్లెలకు ఎడ్లబండి, సైకిలు, కాలినడక. విశ్వాసుల గుడిసెల ముందు కూర్చొని, వారి భాషలో మాట్లాడి, వారి పిల్లలను పేరు పెట్టి పలుకరించినారు. జంక్షనులో బంగళా కట్టుకొని ప్రజలను అక్కడికే రమ్మనియుంటే నేడు మన సంఘములలో అనేకము ఉండెడివి కావు.

విలియమ్స్ పట్నము చేరిన పల్లె పిల్లవానికి తన గది తలుపు తెరిచినాడు. అజరయ్య గారు రైలు ఆగిన చోట ఆగక పల్లె గడప వరకు పోయినారు. ఇద్దరును రైలు దిగిన తరువాతి దూరమును నడిచినవారే.

మనము చేయగల పనులు

తల్లిదండ్రులకు: పిల్లవానిని చూడబోయేటప్పుడు దారి ముందుగా తెలిసికొనండి. సికింద్రాబాదు స్టేషనులో దిగినవారు సికింద్రాబాదు వెస్ట్ మెట్రో స్టేషనుకు నడిచి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వైపు పోయే రైలెక్కితే మూడవది ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, నాలుగవది చిక్కడపల్లి, ఐదవది నారాయణగూడ. ఇమ్లీబన్‌లో బస్సు దిగినవారికి జూబ్లీ బస్ స్టేషన్ వైపు మొదటిది సుల్తాన్‌బజారు, రెండవది నారాయణగూడ, మూడవది చిక్కడపల్లి. మెట్రో రాత్రంతా నడువదు గనుక తిరుగు ప్రయాణము వేళ చూచుకొనండి. పెద్ద బస్తాలకు తనిఖీ వద్ద ఇబ్బంది కలుగవచ్చును. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి ఉచిత ప్రయాణమున్నది. కాబట్టి తల్లులు ఖర్చుకు వెనుకాడనక్కరలేదు. వెళ్లినప్పుడు తొక్కు, బియ్యముతోపాటు తీరికను కూడ తీసికొని వెళ్లండి. గది చిన్నదైతే ఇందిరా పార్కులో ఒక చెట్టు నీడన కూర్చోండి. "ఉద్యోగము ఎప్పుడు వస్తుంది?" అని మొదట అడుగకండి. "రాత్రి నిద్ర పడుతున్నదా?" అని అడగండి. ఉద్యోగము రాకపోయినను ఈ ఇంటి తలుపు నీకు మూయబడదు అనే మాట ఒక్కసారి నోరు తెరిచి చెప్పండి. పిల్లలు దానిని ఊహించుకొనలేరు, వినవలెను.

పల్లె సంఘములకు: ఒక బిడ్డ చదువుకు, పనికి నగరమునకు పోవునప్పుడు ప్రార్థించి పంపుట మన వాడుక. మంచిదే. దానితోపాటు ఆ బిడ్డ ఉండబోయే చోటికి దగ్గరలోనున్న సంఘ కాపరికి ఒక ఉత్తరము వ్రాయండి, లేదా ఫోను చేయండి. పూర్వము సంఘము మారేవారికి యోగ్యతా పత్రిక ఇచ్చి పంపేవారము. ఆ మంచి ఆచారము హాస్టలుకు పోయే విద్యార్థికి కూడ వర్తింపజేయుదము.

నగర సంఘములకు: ఆదివారము వెనుక బల్లమీద కూర్చొని, చివరి ప్రార్థన కాగానే వెళ్లిపోయే యువకుని చూచినారా? అతడు హాస్టలునుండి వచ్చియుండవచ్చును. అతనికి కరపత్రము కంటె ముందు భోజనము కావలెను. నెలకొక ఆదివారము ఒక్కొక్క కుటుంబము ఇద్దరు విద్యార్థులను ఇంటికి పిలిచినయెడల సంఘమునకు పైసా ఖర్చు లేదు. మనము తినేదే వారికి పెట్టవచ్చును. పరీక్షలు దగ్గరపడిన దినములలో సంఘపు గదిని సాయంకాలము చదువుకొనుటకు తెరిచి ఉంచవచ్చును. అతడు ఏ కులము, ఏ మతము అని అడుగనక్కరలేదు. ఎమ్మాయు శిష్యులు ఆ అపరిచితుని ఎవరవని అడిగి ఇంటికి పిలువలేదు.

ప్రయాణికులకు: ప్రతి దినము రైలులో వచ్చిపోయేవారి కాలము వ్యర్థమైనది కాదు. ఐతియొపీయుడు రథములో కూర్చొని చదువుకొనుచు పోయినాడు, ఆ ప్రయాణములోనే ప్రభువు అతనికి దొరికినాడు (అపొ. కార్య. 8:26-39). చదువుకొనండి, ప్రార్థించండి. అయితే గర్భిణి నిలువబడియుండగా కూర్చొని బైబిలు చదువుట భక్తి కాదు. రోజూ అదే పెట్టెలో ఎక్కే మనిషి నాలుగు దినములు కనబడకపోతే అతనిని గూర్చి విచారించుట కూడ ఒక పరిచర్యయే.

యౌవనులకు: నిరాశ కలుగుట అవిశ్వాసము కాదు. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షము క్రింద కూర్చొని చావు కోరుకొన్నాడు. అప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు ఇచ్చి, నీవు పోవలసిన ప్రయాణము ఎక్కువదని లేపెను (1 రాజులు 19). మనసు భరించలేనిదైనప్పుడు ఒంటరిగా ఉండవద్దు. ఇంటికి ఫోను చేయి. కాపరిని పిలువు. ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును, ఖర్చు లేదు. వైద్యుని సహాయము తీసికొనుట విశ్వాసమునకు విరుద్ధము కాదు.

ఎదురు వెళ్లినవారు

చివరిగా ఒక్క దృశ్యము చూడుడి. పౌలు ఖైదీగా రోమా పట్టణమునకు పోవుచున్నాడు. తుపానులో ఓడ పగిలి, సర్పము కరచి, శీతకాలము దీవిలో గడిపి, అలసిపోయి నడుస్తున్నాడు. పట్టణములో తనకు ఏమి సంభవించునో తెలియదు. రోమాలోని సహోదరులు ఆ సంగతి విన్నారు. ఎట్లును ఇక్కడికే వచ్చును గదా, వచ్చిన తరువాత చూతమని వారు కూర్చొనలేదు. కొందరు త్రిసత్రముల వరకు, కొందరు అప్పీయా సంతపేట వరకు ఎదురు వెళ్లినారు. త్రిసత్రములు రోమాకు సుమారు 50 కిలోమీటర్లు, సంతపేట అంతకంటె దూరము. సికింద్రాబాదు విశ్వాసులు భువనగిరి దాటి కాలినడకన ఎదురు పోయినట్లు! వారు పౌలు సంకెళ్లు విప్పలేకపోయినారు, అతని వ్యాజ్యెము గెలిపించలేకపోయినారు. చేసినదల్లా ఎదురు వచ్చుట. కాని వారిని చూచి పౌలు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యము తెచ్చుకొనెనని లూకా వ్రాసియున్నాడు. అంతటి అపొస్తలునికి కూడ స్టేషనులో ఎదురువచ్చే మనిషి అవసరమైనాడు. ఇరువది రెండేండ్ల పల్లె బిడ్డకు అవసరము కాడా?

మనము పరీక్షా ఫలితములు మార్చలేము. కొత్త రైలు మార్గములు వేయలేము. కాని చిక్కడపల్లి స్టేషను మెట్ల క్రింద ఒకని కొరకు నిలువబడగలము. మన ఇంటి గడపలో ఒక పళ్లెము ఎక్కువ పెట్టగలము. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వెనుక బల్లవైపు ఒకసారి తిరిగి చూడండి.

ఎమ్మాయు దారిలో అపరిచితునివలె కలిసికొని నడిచిన మన ప్రభువు, దూరముననున్న మన బిడ్డలకు తోడుగా నడుచును గాక. వారిని పిలిచే నోరును, తెరిచే తలుపును మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.